ట్రబూల్లో వదిలేసిన చెయ్యి

"అంత గట్టిగా పట్టుకోకు, నా వేళ్లు నలిగిపోతున్నాయి," అంది ఆపొలీన్.

నోల్వెన్ పట్టు కాస్త సడలించింది గానీ, చెయ్యి మాత్రం వదల్లేదు. "లోపల చీకటిగా ఉంది. మేడమ్ వెళ్లొద్దన్నారు కదా?"

"మేడమ్ చాలా అంటారు. ఇటు దూరి అటు తేలితే రెండు నిమిషాలు. వీధి చుట్టూ తిరిగితే పది. ఈలోగా గాస్పార్ వాళ్లు గెలిచేస్తారు. తర్వాత 'పీతపిల్లా, పక్కకి నడిచొచ్చావా?' అని నిన్నే ఏడిపిస్తాడు."

ఆ మాటతో నోల్వెన్ సరేనని తలూపింది.

ఆ రోజు ఫ్రాన్స్‌లోని లియోన్ నగరం పాత పేటలో ఐదో క్లాసు పిల్లలకు పోటీ. ఇద్దరేసి ఒక జట్టు. ఏ తలుపు మీద సింహం తల ఉంది, ఏ బురుజు గులాబీ రంగులో ఉంది, ఇలాంటి ప్రశ్నలకు జవాబులు రాసుకుని పన్నెండుకల్లా కెథడ్రల్‌లో, అంటే పెద్ద చర్చిలో, ఉన్న పెద్ద గడియారం ముందుకు చేరాలి. మేడమ్ వియాల్ పెట్టిన షరతులు రెండే. జతలో ఉన్నవాళ్ల చెయ్యి వదలకూడదు. ట్రబూల్లోకి వెళ్లకూడదు.

ట్రబూల్ అంటే ఇళ్ల కిందుగా ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోయే దారి. పైన మనుషులు కాపురం ఉంటారు. పొద్దున పూట ఎవరైనా తలుపు తోసుకుని పోవచ్చు, చప్పుడు చెయ్యకూడదంతే. పదకొండున్నరకి తలుపులకు తాళాలు పడిపోతాయి. ఆ తర్వాత బయటి నుంచి తెరవాలంటే ఇంటివాళ్లకే సాధ్యం.

ఆపొలీన్ ఈ పేటలోనే పుట్టింది. ఈ దారులన్నీ ఆమెకు కొట్టిన పిండి. నోల్వెన్ మూడు వారాల కిందటే సముద్రం మధ్యలో ఉన్న ఒక చిన్న దీవి నుంచి వచ్చింది. అక్కడ ఇళ్లన్నీ విడివిడిగా, ఎండలో ఉంటాయట. క్లాసులో గాస్పార్ ఆమెని 'పీతపిల్ల' అనేది అందుకే.

తలుపు పక్కన గోడకి ఒక బోర్డు ఉంది. "ఇక్కడ మనుషులు నివసిస్తున్నారు. దయచేసి నిశ్శబ్దం."

"చూశావా? గట్టిగా మాట్లాడితే ఊరుకోరు," అని చెప్పి ఆపొలీన్ దీపం మీట నొక్కింది. ఆ దీపం నిమిషం తర్వాత తనంతట తానే ఆరిపోతుంది. ఆ సంగతి ఆమె చెప్పలేదు.

దారి రెండు మలుపులు తిరిగింది. మెలికల మెట్ల దగ్గరకి వచ్చేసరికి దీపం ఆరిపోయింది.

"ఆపొలీన్!" అని సన్నగా పిలిచింది నోల్వెన్.

ఆపొలీన్‌కి నవ్వొచ్చింది. చటుక్కున చెయ్యి విడిపించుకుని ముందుకు పరుగెత్తింది. చివరి తలుపు తెరిచే బొత్తాం తడుముకుని నొక్కి అవతలి వీధిలోకి వచ్చేసింది. వెనక తలుపు దానంతట అదే మూసుకుంది. నోల్వెన్ రాగానే భయపెడదామని గోడ పక్కన నక్కింది.

నోల్వెన్ రాలేదు.

నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. ఆపొలీన్ తలుపు తోసింది. కదల్లేదు. భుజంతో తోసింది. ఆ వేళకే తాళం పడిపోయింది.

పక్కనే ఇంటివాళ్ల గంటలు ఉన్నాయి. నొక్కితే ఎవరో ఒకరు వస్తారు, 'ఎవరు నువ్వు, లోపలికి ఎందుకు వెళ్లావు' అంటారు. చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకుంది. నోల్వెన్ వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయి ఉంటుందిలే అనుకుంది. వీధి చుట్టూ పరుగెత్తింది. మొదటి తలుపు కూడా మూసుకుని ఉంది. అక్కడా ఎవరూ లేరు.

గడియారం దగ్గర ఉంటుంది. తప్పకుండా అక్కడే ఉంటుంది.

కెథడ్రల్‌లో గడియారం ముందు క్లాసంతా ఉంది. నోల్వెన్ లేదు.

"నీ జత ఏది?" అడిగారు మేడమ్ వియాల్.

ఆపొలీన్ నోరు దానంతట అదే మాట్లాడేసింది. "బయట కూడలిలో చెయ్యి వదిలేసింది, మేడమ్. పావురాల వెంట పడింది. నేను పిలిచాను, వినలేదు."

"కూడలిలోనా? నది వైపు వెళ్లిందా?"

"ఏమో... వెళ్లిందేమో."

తోడుగా వచ్చిన గాస్పార్ వాళ్ల నాన్న ఆ మాట విని సోన్ నది వైపు పరుగు తీశాడు. మేడమ్ ఫోన్ తీశారు.

సరిగ్గా అప్పుడే పన్నెండయింది. గడియారం పైన ఉన్న కోడి రెక్కలాడించి కూసింది. పిల్లలందరూ మెడలెత్తి చూశారు. ఆపొలీన్‌కి మాత్రం ఆ కూత తన చెవిలోనే కూసినట్టు వినిపించింది. కోడి కింద చిన్న అరలో దేవదూత బొమ్మ మరియమ్మ ముందుకు కదిలి వచ్చింది.

ఆపొలీన్ కళ్లు మూసుకుంది. "మరియ తల్లీ, నోల్వెన్ దొరికేటట్టు చెయ్యి. నేను అబద్ధం చెప్పానని ఎవరికీ తెలియకుండా చెయ్యి."

రెండుసార్లు అలాగే అడిగింది. మూడోసారి మధ్యలోనే ఆగిపోయింది. అబద్ధం అబద్ధంగానే ఉంటే అందరూ నది దగ్గరే వెతుకుతారు. మరి నోల్వెన్ ఎలా దొరుకుతుంది? రెండు కోరికల్లో తల్లి ఒక్కటే తీర్చగలదు. ఆ ఒక్కటి తీర్చాలన్నా, ముందు నోరు విప్పాల్సింది ఇక్కడ నిలబడి ఉన్న తనే కదా?

"మేడమ్." ఫోన్‌లో ఉన్న మేడమ్ వినలేదు. మళ్లీ పిలిచింది. "మేడమ్, నది దగ్గర కాదు. ట్రబూల్లో ఉంది. నేనే తీసుకెళ్లాను. నేనే వదిలేశాను."

మేడమ్ ఒక్క క్షణం ఆమె వైపు చూశారు. తిట్టలేదు. "ఏ తలుపు? చూపించు," అన్నారు అంతే.

గాస్పార్ వాళ్ల నాన్నని ఫోన్‌లో వెనక్కి పిలిచి, పిల్లలందరినీ వెంటబెట్టుకుని ఆ తలుపు దగ్గరకి వెళ్లి మేడమ్ గంట నొక్కారు. జవాబు లేదు. ఇంకో గంట నొక్కారు. గోడలో ఉన్న స్పీకర్లోంచి ముసలి గొంతు గరగరలాడింది. "వేళ దాటిపోయింది! బోర్డు చదవడం కూడా రాదా మీకు?"

"లోపల ఒక పాప ఉండిపోయిందండీ!"

వెంటనే తలుపు టిక్కుమంది.

లోపల చిక్కటి చీకటి. "నోల్వెన్!" అని పిలిచారు మేడమ్. జవాబు రాలేదు. నేలమాళిగ తలుపు సగం తెరిచి ఉంది. అటు వెళ్లి పడిపోయిందా? ఇంతలో మెట్ల మీంచి చెప్పులు ఈడ్చుకుంటూ ఒక తాతగారు దిగివచ్చి దీపం వేశారు.

మెలికల మెట్ల కింద మూలలో ముడుచుకుని కూర్చుంది నోల్వెన్. స్వెటర్ చేతిని నోట్లో కుక్కుకుని ఉంది. చెంపలన్నీ తడి.

మేడమ్ ఆమెను పొదివి పట్టుకున్నారు. "పిలిస్తే పలకలేదేమ్మా?"

నోల్వెన్ నోట్లోంచి స్వెటర్ తీసింది. "చప్పుడు చేస్తే ఊరుకోరని ఆపొలీన్ చెప్పింది. ఏడుపు వినబడకూడదని..."

తాతగారు మెట్టు మీద కూలబడ్డారు. "నేను పైనే ఉన్నానే తల్లీ! కాఫీ తాగుతూ కూర్చున్నాను. ఒక్క కేక వేస్తే దిగి వచ్చేవాణ్ణి. ఆ బోర్డు టూరిస్టుల కోసం రాయించాం, భయపడ్డ పిల్లల కోసమా?"

ఆపొలీన్ చెయ్యి చాచింది. నోల్వెన్ ఆ చేతి వైపు చూసింది, పట్టుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు మేడమ్‌కి అటువైపు నడిచింది.

సాయంత్రం స్కూలు గేటు దగ్గర మేడమ్ ఇంకెవరో పిల్లల అమ్మతో మాట్లాడుతున్నారు. నోల్వెన్ వాళ్ల నాన్న వచ్చాడు. బేకరీలో పని, చొక్కా చేతులకి ఇంకా పిండి అంటుకుని ఉంది.

"ఏం బంగారం, గడియారం ఎలా ఉంది? కోడి కూసిందా?"

నోల్వెన్ తలొంచుకుంది. "బాగుంది, నాన్నా."

ఆపొలీన్ విన్నది. ఇక ఆమె ఏమీ చెప్పక్కర్లేదు. రేపో మాపో మేడమ్ ఎలాగూ చెబుతారు. వీధి చివర తన అమ్మ చెయ్యి ఊపుతోంది.

ఆపొలీన్ గేటు వైపే నడిచింది.

"అంకుల్, మీ నోల్వెన్ గడియారం చూడలేదు. నేనే తనని చీకట్లో వదిలేసి పారిపోయాను. తర్వాత మేడమ్‌కి అబద్ధం చెప్పాను."

ఆయన ముఖంలో నవ్వు మాయమైంది. కూతురి వైపు చూశాడు, మళ్లీ ఆపొలీన్ వైపు చూశాడు. "ఎందుకలా చేశావ్?"

"నవ్వుకుందామని."

ఆయన ఏమన్నా సరే పూర్తిగా విందామని ఆపొలీన్ అక్కడే నిలబడింది.