తుడిచే ముందు అడగాల్సిన మాట

గూఢచారి శాఖవారికి ఆకాశంలో ఉపగ్రహం ఉంది గానీ, ఆరో అంతస్తుకి వెళ్ళడానికి పనిచేసే లిఫ్టు లేదు. పిన్ని రెయిలింగు పట్టుకుని మెట్లెక్కింది. దారిలో రెండుచోట్ల ఆగి, శాఖని మనసులోనే ఉతికి ఆరేసింది. ఆ తర్వాత చీఫ్ గది తలుపు తోసింది.

'పిన్ని' ఆమె కోడ్ పేరు. బజారులోనైనా, రైల్లోనైనా ఎవరూ రెండోసారి తిరిగి చూడని మనిషని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పెట్టారు. చీఫ్ ఆమెకంటే పెద్దవాడు. అయినా ఆయనకీ ఆమె పిన్నే.

"కూర్చో పిన్నీ. ఆరుగురి ప్రాణాల సంగతి."

"మోకాళ్ళ సంగతి కూడా ఉంది సార్. కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి."

ఆ ఆరుగురూ సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్న శాఖ మనుషులు. వాళ్ళలో ఒకాయన పిన్ని భర్త. ఎక్కడున్నాడో, ఏ పేరుతో ఉన్నాడో భార్యకి కూడా చెప్పకూడదని రూలు. రెండేళ్ళుగా ఆమెకి మొగుడంటే అప్పుడప్పుడు చీఫ్ నోటినుంచి రాలే "క్షేమమే" అన్న మాట, అంతే.

"మనం కన్నేసిన విదేశీ ముఠాకి వాళ్ళ ఫొటోలు చిక్కాయి" అన్నాడు చీఫ్. "ఆఫీసు సర్వర్లో పెట్టారు. రేపు మధ్యాహ్నం కొనేవాడు వస్తున్నాడు. ఆలోపు తుడిచెయ్యాలి."

"మూడు వారాలుగా ఆ ఆఫీసులో నేల తుడుస్తూనే ఉన్నాను. అదీ తుడుస్తాను. గదిలోకి ఎవరు పంపుతారు?"

"అత్తరు."

పిన్ని నిట్టూర్చింది. అత్తరు అనేవాడు ముఠాలో ఉంటూ శాఖకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంటు. మనిషికంటే ముందు వాసన వస్తుంది. సిల్కు చొక్కా, తళతళలాడే బూట్లు, తేనె పూసిన మాటలు. అతను శాఖకి వచ్చిన రోజు టైపు సెక్షన్లో తప్పులు ఎక్కువగా పడతాయి.

"అతనే తుడవచ్చుగా?"

"అతని పాస్‌వర్డుతో తుడిస్తే అతని పేరు పడుతుంది, దొరికిపోతాడు. మన కీ, అదే పెన్‌డ్రైవ్ లాంటి తాళం, పెట్టి తుడిస్తే ఎవరి పేరూ పడదట. ఐడియా అతనిదే. నువ్వు కింద నీ తమ్ముడి దగ్గర కాస్త నేర్చుకో."

తమ్ముడు శాఖ కంప్యూటర్లు చూసుకుంటాడు. వాటిలోకి వచ్చేవాళ్ళకి పేర్లు పెట్టేదీ అతనే. కుదురుగా ఒకచోట కూర్చోడు కనక అతని కోడ్ పేరు ఉడుత. బేస్‌మెంట్లో అక్క కోసం ఒక తెర సిద్ధంగా ఉంచాడు. నల్లటి తెర, మూల మినుకుమినుకుమనే చిన్న గీత. బొమ్మల్లేవు, బటన్లు లేవు, మౌస్ కూడా లేదు.

"పాడైపోయిందేంట్రా ఇది?"

"ఇదే షెల్ అక్కా. వేలు పెట్టి చూపించడం ఉండదు. మాట రాసి ఎంటర్ కొట్టాలి. గీత పక్కనున్నది యంత్రం పేరు, తలుపు మీద బోర్డు అనుకో. ముందు ఎల్ఎస్ అని కొట్టు. గదిలో ఏమున్నాయో చెప్తుంది."

పిన్ని ఒక్కో అక్షరం వెతికి కొట్టింది. అలాంటి కమాండ్ లేదు పొమ్మంది యంత్రం.

"పెద్దక్షరాలు కొట్టావు. చిన్నవి కొట్టాలి. దీనికి పెద్దా చిన్నా తేడా చాలా ఉంది."

"మన శాఖదే కదా, ఎక్కడికి పోతుంది."

పొద్దుపోయేదాకా చదువు సాగింది. సీడీ అంటే పక్కగదిలోకి వెళ్ళడం. పీడబ్ల్యూడీ అంటే ఏ గదిలో ఉన్నావో అడగడం. అది రోడ్లేసేవాళ్ళ ఆఫీసు కదరా అని పిన్ని వాదించి ఓడిపోయింది. చివరికి తుడిచే మాట, ఆర్ఎం దగ్గరికి వచ్చారు. ఉడుత ఒక ఉత్తుత్తి ఫైలు పెట్టి తుడవమన్నాడు. ఆమె కొట్టింది. తెర మీద చడీచప్పుడూ లేదు.

"ఏమీ అనదేంట్రా?"

"పని అయిపోయింది. అయితే నోరు మెదపదు. కాకపోతేనే మాట్లాడుతుంది."

"చీఫ్ లాగన్నమాట."

"ఇంకో సంగతి. నిజంగా తుడవనా అని అడగదు. తుడిచింది తిరిగి రాదు."

పిన్ని కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. వేళ్ళు లాగుతున్నాయి, కళ్ళు మండుతున్నాయి. "నాకు భయంగా ఉందిరా. పిస్తోలు పట్టుకున్నప్పుడు కూడా ఇంత భయం లేదు. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే మీ బావ..."

"అవదక్కా" అన్నాడు ఉడుత, తల తిప్పుకుని. కాస్త ఆగి, "ఇంకేమన్నా అడగాలా?" అన్నాడు.

"తుడిచే ముందు లోపల ఎవరన్నా ఉన్నారేమో అడిగే మాట ఉందా?"

"ఎందుకూ?"

"అక్కడ చేరిన మొదటిరోజు తలుపు కొట్టకుండా మాపు పట్టుకుని దూరితే లోపల ఒక మేనేజరు ప్యాంటు మార్చుకుంటున్నాడు. ఎవరి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

ఉడుత పడీ పడీ నవ్వాడు. "ఉంది. హూ అని కొట్టు. ఆ యంత్రంలో ఇప్పుడు ఎవరెవరున్నారో పేర్లు చెప్తుంది. రైట్, అంటే రాయి, అని కొట్టి ఒకరి పేరు రాస్తే, వాళ్ళ తెర మీదకి మాట కూడా పంపొచ్చు. ఈ రోజుల్లో ఎవరూ వాడరులే."

మర్నాడు మధ్యాహ్నం కావస్తుండగా పిన్ని మాపు, ఫినాయిలు బకెట్‌తో సర్వర్ గదిలోకి అడుగుపెట్టింది. శాఖ మనుషులు కొందరు కింద వీధిలో, వ్యానులో ఉన్నారు. అత్తరు అప్పటికే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. బల్లమీద లాప్‌టాప్‌లో నల్లతెర తెరిచి ఉంది.

"రండి పిన్నిగారూ. అంతా సిద్ధం చేసి ఉంచాను. మీ కీ పెట్టి, ఈ చీటీలో ఉన్నది కొట్టండి చాలు."

"చల్లగా ఉండు బాబూ."

కీ పెట్టింది. గీత పక్కన ముఠా యంత్రం పేరే ఉంది. పీడబ్ల్యూడీ అడిగితే చీటీలో ఉన్న గది పేరే వచ్చింది. అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. ఆమెకి అనుమానమేమీ రాలేదు. అలిసిపోయిన మనిషి అలవాటు మీద నడుస్తుంది. ఆ మేనేజరు దెబ్బకి మూడు వారాలుగా ఏ గది తుడిచినా ముందు తలుపు కొట్టింది కనక ఇప్పుడూ కొట్టింది. హూ అని రాసి ఎంటర్ నొక్కింది.

గొడుగు, చెంబు, నిచ్చెన, జల్లెడ, దువ్వెన, రంపం. ఆ కింద ఆమె పేరు. దాని కింద ఉడుత.

పిన్ని ఆ పేర్లు మళ్ళీ చదివింది. ముఠా యంత్రంలో తమ్ముడికేం పని? లేదు, ఇది ముఠా యంత్రం కాదు. తమ్ముడి పక్కన ఇంకెవరు, ఆరుగురు? ఆరుగురు! తాళంచెవి మనది, అది తెరిచిన ఇల్లూ మనదే. బోర్డొక్కటే వాళ్ళది. జీవితమంతా దొంగ బోర్డుల వెనక బతికిన తనే బోర్డు చూసి నమ్మింది.

"ఇంకా ఎంతసేపు పిన్నిగారూ?"

"కళ్ళజోడు మరిచిపోయాను బాబూ. అక్షరాలు వెతుక్కుంటున్నా."

రైట్, ఉడుత. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "ఒరే నేనే. మన యంత్రంలో ఉన్నా. మోసం. నా కీకి తుడిచే అధికారం తీసెయ్." ఎంటర్. జవాబు లేదు. ఉడుత కుర్చీలో ఉన్నాడో, ఎటు గెంతాడో!

అత్తరు వాసన దగ్గరైంది. భుజం మీంచి తెర చూసి, అతను చొక్కా కిందనుంచి పిస్తోలు తీశాడు.

"ఎంత పని చేశావు పిన్నీ! నీ చేత్తో చేయిస్తే నా పేరు చెడకుండా ఉండేది."

"ఫొటోలు?"

"ఏ ఫొటోలు? అవే ఉంటే నీతో నాకేం పని? రోజూ ఈ వేళకి మీ ఆరుగురూ లైన్లోకి వస్తారు. ఈ గది తుడిచేస్తే లైను తెగిపోతుంది. వాళ్ళు మీవాళ్ళని చెప్పే ఆధారమూ పోతుంది. కంగారుపడి ఫోన్లు అందుకుంటారు. ఆ ఫోన్లు మావాళ్ళు వింటూ కూర్చున్నారు."

మోచేత్తో ఆమెని పక్కకి నెట్టి, ఒంటిచేత్తో తనే కొట్టాడు. ఎంత వేగం! ఆమెకి అరగంట పట్టేది అతనికి ఒక్క ఊపులో అయిపోయింది. ఎంటర్.

తెర ఏమీ అనలేదు.

పిన్నికి తమ్ముడి మాట గుర్తొచ్చింది. నోరు మెదపలేదంటే పని అయిపోయినట్టే. రెండేళ్ళుగా ఒక్క "క్షేమమే"తో సరిపెట్టుకుంది, ఇప్పుడు అదీ లేదు. మాట్లాడవే, ఏదో ఒకటి అనవే అని ఆ నల్లతెరని మనసులోనే బతిమాలింది.

ఆలస్యంగానైనా యంత్రం నోరు విప్పింది. ఒకే ఒక్క ముక్క. అనుమతి లేదు. ఉడుత కుర్చీలోనే ఉన్నాడన్నమాట.

అత్తరు నమ్మలేక తెర మీదకి వంగాడు. పిన్ని బకెట్ తన్నింది. సబ్బునీళ్ళు, ఫినాయిలు అన్నీ కలిసి నున్నటి నేల మీద పరుచుకున్నాయి. తళతళలాడే బూట్లు రెండూ రెండు దిక్కులకి పోయాయి. పిస్తోలు బల్లకిందకి జారింది. మోకాళ్ళు రెండూ నొప్పే అయినా పిన్ని ఒకటి తీసుకెళ్ళి అతని వీపు మీద పెట్టింది.

"తడి నేల మీద నడవకూడదు బాబూ. తలుపు దగ్గర రాసి ఉంటుంది."

ఉడుత పంపిన కబురందుకుని వ్యానులోని మనుషులు మెట్లెక్కి వచ్చారు. అత్తరుని లేవదీసి పట్టుకుపోయారు. వాసన మాత్రం గదిలోనే ఉండిపోయింది. పిన్ని తెర ముందు కూలబడింది. ఏడుద్దామంటే కూడా ఓపిక లేదు. అప్పుడు తెర మీద ఉడుత రాత కనబడింది.

"అక్కా, బాగున్నావా?"

"చచ్చి బతికాను. వాళ్ళు?"

"ఆరుగురూ లైన్లోనే ఉన్నారు. ఇంకో రెండు నిమిషాలు ఉంటారు. అందరికీ ఒకేసారి రాయాలంటే వాల్ అని కొట్టాలి. రూల్స్ ఒప్పుకోవు. నేను టీకి వెళ్తున్నా, ఏమీ చూడను."

పిన్ని లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. ఈ ఆరింటిలో ఒకటి ఆయన. ఏదో తెలీదు. రెండేళ్ళ మాటల్లో ఏది ముందు చెప్పాలో తోచలేదు. చివరికి ఒక్కో అక్షరం వెతికి కొట్టింది.

"బీపీ మాత్ర వేసుకున్నారా?"

రంపం భయపడి లైను వదిలేశాడు. ఎవరు మీరు అన్నాడు గొడుగు. ఇది కొత్త కోడా అని నిచ్చెన అడిగాడు. జల్లెడ అర్థం కాలేదు, మళ్ళీ పంపమన్నాడు. చెంబు ఉలకలేదు, పలకలేదు.

ఆఖరున దువ్వెన దగ్గర్నుంచి వచ్చింది. "వేసుకుంటాలే. ప్రాణం తియ్యకు."

పిన్ని అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. తర్వాత, అంత అలసటలోనూ నవ్వొచ్చింది. తల మీద ఒక్క వెంట్రుకైనా మిగలని మనిషికి దువ్వెన అని పేరు పెట్టే ధైర్యం సొంత బావమరిదికి కాక ఇంకెవరికుంటుంది!