పేతురు ఎడమ కన్ను

"ముట్టుకోకు" అని ఆ రోజు ఎలోడీకి అప్పటికే మూడుసార్లు చెప్పారు. భోజనాలయ్యాక డెంటిస్టు దగ్గరికి బయల్దేరుతూ రొలాండ్ నాలుగోసారి చెప్పింది.

"కోడిపిల్లా, పేతురు బల్ల మీద ఆరుతున్నాడు. చూస్తే చూడు కానీ, చేతులు మాత్రం జేబుల్లో పెట్టుకో."

"నాకామాత్రం తెలీదా?" అంది ఎలోడీ.

తెలుసు. పదేళ్లుగా రంగు గాజుల మధ్యే పెరిగింది. ఫ్రాన్స్‌లోని షార్త్ర్ ఊళ్లో, నది ఒడ్డున ఉన్న ఆ వర్క్‌షాపు వాళ్లమ్మ సెవెరీన్‌ది. చర్చి కిటికీలకు గాజు మీద పేతురు లాంటి ఏసు శిష్యుల బొమ్మలు గీస్తారక్కడ. గీసిన నల్ల రంగు ఆరితే ఉత్త పొడి. వేలు తగిలితే ముగ్గులా చెరిగిపోతుంది. బట్టీలో కాలిస్తేనే గాజులో కలిసిపోయి వందల ఏళ్లుంటుంది. బట్టీకి ముందు ఎంత పెద్ద తప్పయినా తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ గీసుకోవచ్చు. కాలిన తర్వాత దేవుడు కూడా చెరపలేడంటుంది అమ్మ.

అందులోనూ ఇది రొలాండ్ గీసిన మొదటి ముఖం. ఆమె యాభై ఏళ్లు వచ్చేదాకా సిటీ బస్సు నడిపింది. అది మానేసి ఇక్కడ చేరితే అందరూ నవ్వారు. రెండేళ్లు గాజు కడిగింది, రంగు నూరింది, ఆకులూ బట్టల మడతలూ గీసింది. ముఖాలు మాత్రం అమ్మే గీసేది. పోయిన వారం అమ్మ, "ఈ పేతుర్ని నువ్వే గీయి రొలాండ్" అంది. ఇది బాగా వస్తే ఇకమీద ముఖాలన్నీ ఆమెవే.

ఎలోడీ చేతులు జేబుల్లో పెట్టుకునే బల్ల దగ్గరికి వెళ్లింది. అరచేతంత గాజు ముక్క. బల్ల మీద చూస్తే మసి పట్టినట్టుంది. వెలుతురుకు పట్టి చూస్తే కదా ముఖం తెలిసేది! ఒక్కసారి, అంచులు పట్టుకుని చూస్తే ఏమవుతుంది?

అంచులే పట్టుకుంది. కిటికీ వైపు ఎత్తగానే పేతురు తిన్నగా ఆమెనే చూశాడు. బాగా అలిసిపోయిన మనిషి చూపు. ఇంకాస్త పైకెత్తబోతే గాజు జారింది. పడిపోతుందేమోనని గట్టిగా పట్టేసుకుంది. తీరా చూస్తే ఎడమ కన్ను ఉండాల్సిన చోట ఆమె బొటనవేలి గుర్తు ఉంది.

చెప్పేస్తే సరిపోయేది. కానీ నాలుగుసార్లు చెప్పించుకుని మరీ చేసిన పనాయె. అమ్మకు ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? కాస్త దిద్దితే ఎవరికీ తెలియదులే అనుకుని బ్రష్ తడిపింది. తడి తగిలిందో లేదో, ఆ కన్నులో మిగిలింది కాస్తా చెంప మీదికి, చెంప గడ్డంలోకి కారిపోయింది.

కాసేపటికి పక్కగదిలోంచి అమ్మ కేకేసింది. "బట్టీ వేస్తున్నా. పేతురు ఆరాడా?"

లేదనొచ్చు. ఒక్క మాట.

"ఆరాడమ్మా," అంది ఎలోడీ.

అమ్మ ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వచ్చి, ముక్కలన్నీ ట్రేలో పేర్చుకుపోయింది. వెనక వెలుతురు లేకపోతే గాజు మీద రంగు ఎవరికైనా మసిలాగే ఉంటుంది. బట్టీ తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున బట్టీ తెరిచారు. మొదటి ముఖం కదా అని రొలాండ్ అందరికీ తియ్యరొట్టె తెచ్చింది. ముక్కను వెలుతురుకు పట్టి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"తడి బ్రష్ రెండోసారి తగిలించావా?" అని అమ్మ మెల్లిగా అడిగింది.

"వెళ్లేముందు గడ్డం కొంచెం సరిచేశా. అప్పుడే పాడుచేసుంటాను. కళ్లజోడు మార్చాలేమో."

గాజు ముక్కల చుట్టూ సీసపు పట్టీలు బిగించే ముసలి ఫుల్బెర్ కూడా తొంగిచూశాడు. "స్టీరింగ్ తిప్పిన చేతులు మరి. ముఖం మీద యూ టర్న్ కొట్టినట్టుంది," అని తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఇంకెప్పుడైనా అయితే రొలాండ్ తిరిగి రెండు మాటలు అంటించేది. ఈసారి నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

"తొందరపడింది నేనే," అంది అమ్మ. "ముఖాల సంగతి ఇంకో ఏడాది పోయాక చూద్దాం. ఇది నేను గీస్తాలే."

"సరేలే," అంది రొలాండ్. ఒక రొట్టె ముక్క తుంచి ఎలోడీ చేతిలో పెట్టింది. "తిను కోడిపిల్లా. నీ మొహమెందుకు అలా వాడిపోయింది?"

ఎలోడీ రొట్టె కొరకలేకపోయింది. నాలుగు తిట్టినా ఇంత సిగ్గేసేది కాదు. చేసింది తను. నింద మోసేది ఆమె. పైగా తనకే తినిపిస్తోంది.

రొలాండ్ సింకు దగ్గరికి వెళ్లి గాజులు కడగడం మొదలుపెట్టింది. రెండేళ్ల కిందట ఇక్కడ చేరిన మొదటిరోజు చేసిన పని అది. ఎలోడీ ఇక చూడలేకపోయింది.

"మీరు కాదు," అంది. గొంతు నీళ్ల చప్పుడులో కలిసిపోయింది. వెళ్లి కుళాయి కట్టేసింది. "మీరు కాదు, నేను. నా వేలు తగిలింది. దిద్దబోయి ఇంకా పాడుచేశా. ఆరాడని అమ్మకు అబద్ధం చెప్పా."

అమ్మ చేతిలో బ్రష్ కింద పెట్టింది. "నిన్ననే చెప్పుంటే తడిగుడ్డతో పోయేది. నీకు తెలుసు."

"తెలుసు."

అమ్మ పాడైన ముక్కను పక్కన పెట్టేసింది. తిట్టినా బాగుండుననిపించింది ఎలోడీకి.

రొలాండ్ తన తడి చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట. ఇక మళ్లీ బస్సే నడుపుకుందామనుకున్నా," అంది. మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "నీ మీద కోపం కూడా వస్తోంది. అది కాసేపాగి చెబుతా."

ఎలోడీ తల మరీ కిందికి దిగిపోయింది.

"కొత్త గాజు కోస్తాను," అంది అమ్మ. "గీసేది మాత్రం నువ్వే రొలాండ్."

పక్కగదిలో సుత్తి చప్పుడు ఆగలేదు. ఫుల్బెర్ ఇదేదీ వినలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ బస్సు జోకు మళ్లీ వేస్తాడు. సాయంత్రానికి కాఫీ బార్‌లో కూడా చెబుతాడు.

ఎవరూ వెళ్లమనలేదు. ఎలోడీ కాళ్లీడ్చుకుంటూ తనే వెళ్లింది.

"ఫుల్బెర్ గారూ, పేతురు ముఖం పాడుచేసింది రొలాండ్ కాదు, నేను. నిన్న ఆమె లేనప్పుడు ముట్టుకున్నా."

సుత్తి ఆగింది. ముసలాయన ఆమెను ఎగాదిగా చూశాడు. తిడతాడనుకుంది. ఆయన మాత్రం మెడ వెనక గోక్కున్నాడు.

"మరి నేనేమో ఆమెను యూ టర్న్ అదీ ఇదీ అన్నానే," అని నసిగాడు. "వెళ్లి ఒక మాట చెప్పాలి."

లేచాడు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. అవతల రొలాండ్ వీపు కనిపిస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు కానీ అడుగు ముందుకు పడలేదు.

ఎలోడీ ఆయన చెయ్యి పట్టుకుంది.

"రండి," అంది. "మొదటి మాటే కష్టం."