తోమిన టాలర్

కాఫీ కాస్తున్న పిరోష్కా చెవులు మాత్రం మెట్లవైపే ఉన్నాయి. కింద దుకాణం తలుపు తీసిన చప్పుడైంది. ఆ వెనకే తండ్రి గొంతు వినిపించింది.

"ఎమెషె, ఒకసారి ఇలా రామ్మా. నాణేలొచ్చాయి."

మళ్ళీ ఎమెషె. పిరోష్కా గిన్నెను పొయ్యి మీద కాస్త గట్టిగానే పెట్టింది.

సెగెద్ ఊళ్ళో పాతనాణేలు దాచుకునేవాళ్ళందరికీ ఆమె తండ్రి వెండెల్ మాటంటే మాటే. ఆయన బల్ల పక్కన కూర్చుని పిరోష్కా బడికెళ్ళే వయసు నుంచీ వెండిని చూడటం నేర్చుకుంది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక ఇల్లూ దుకాణమూ తనే నడిపింది. తమ్ముడు గెర్గో లారీ మీద దేశాలు తిరుగుతాడు. నిరుడు అతను పెళ్ళి చేసుకుని తెచ్చిన పిల్ల ఎమెషె. బేకరీలో పనిచేసిన పిల్ల, వెండి నాణేనికీ కోటు గుండీకీ తేడా తెలియదు. అలాంటిది ఈ చలికాలం నుంచి మామగారి పక్క కుర్చీ ఆమెదైంది. పిరోష్కాకి వంటిల్లు మిగిలింది.

కాఫీ పళ్ళెం పట్టుకుని ఆమె కిందికి దిగేసరికి, పల్లె నుంచి వచ్చిన ఒకావిడ బల్ల ముందు నిలబడి ఉంది. బల్ల మీద మరియా థెరీసా రాణి కాలపు పెద్ద వెండి నాణేలు, టాలర్లు మూడున్నాయి. వెండెల్ ఒకదాన్ని పాలరాతి మీద జారవిడిచాడు. మొద్దుగా మోగింది.

"దీనికి చిల్లు పెట్టి ఎవరో మెళ్ళో వేసుకున్నారమ్మా. తర్వాత పూడ్పించారు. ధర పలకదు." రెండోదాని అంచు బొటనవేలితో తడిమాడు. "దీన్ని ఆకురాయితో రాకారు." మూడోది గంటలా మోగింది. అంచూ బాగుంది. "రంగెలా ఉంది, ఎమెషె?"

"నల్లగా ఉంది మామయ్యా. వెలుగు పడితే నీలంగా మెరుస్తోంది."

"అయితే దీన్నెవరూ ముట్టుకోలేదు. మంచి సరుకు."

పిరోష్కా నిలబడ్డ చోటినుంచి చూసింది. కిటికీ వెలుగు నాణెం మీద ఏటవాలుగా పడుతోంది. రాణి చెంప మీద, నలుపు కింద, సన్నని గీతలు. అన్నీ ఒకే దిక్కుకి. ఎవరో దాన్ని పొడి వేసి తోమేశారు; తోమిన పాతనాణేనికి విలువ పోతుంది. తోమిన సంగతి తెలియకుండా గంధకంతో నల్లబరిచారు. వయసుతో వచ్చే నలుపు గుంటల్లో చిక్కగా, ఎత్తుల మీద పల్చగా ఉంటుంది. ఇది ఎక్కడ చూసినా ఒకటే నలుపు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో వెండెల్ కోడలి భుజం తట్టాడు. "నీ కళ్ళు బంగారం తల్లీ."

పిరోష్కా కప్పులు బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం పళ్ళ డాక్టరు బెర్తలాన్ వచ్చాడు. వెండెల్ మాట మీద ఏళ్ళుగా నాణేలు కొంటున్న మనిషి. వెండెల్ పొద్దున కొన్న ఆ మూడో టాలర్ని ఆయన అరచేతిలో పెట్టి, "చేయి పడని నాణెం. పూచీ నాది" అన్నాడు.

అప్పుడు, కిందికి దిగి మెట్ల దగ్గర నిలబడ్డ పిరోష్కా నోరు విప్పింది. "డాక్టరుగారూ, కిటికీ దగ్గర కాస్త వంచి చూడండి."

ఆయన వంచి చూశాడు. చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి నాణేన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"తోమారు వెండెల్‌గారూ. ఇది కరిగించే వెండి ధర చేస్తుంది, అంతే. మీ దగ్గర ఇలా ఎప్పుడూ జరగలేదే." టోపీ తీసుకుని మర్యాదగానే వెళ్ళిపోయాడు.

"నాదే పొరపాటు మామయ్యా," అంది ఎమెషె. ముఖం పాలిపోయింది.

వెండెల్ గోడ పట్టుకుని మెల్లగా పైకి వెళ్ళాడు.

వంటింట్లో పిరోష్కా తనని తాను ఆపుకోలేకపోయింది. "బంగారు కళ్ళన్నారుగా. ఏమైంది ఆ బంగారం?"

"నేను ఎప్పుడైనా తెలుసన్నానా వదినా?"

"తెలియనిదానివి ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నావ్? నేను చచ్చానా? నా ముప్ఫయ్యేళ్ళ చోటులోకి వచ్చి, మామయ్యా మామయ్యా అంటూ ముద్దులు పోతే సరిపోతుందా?"

ఎమెషె కళ్ళనిండా నీళ్ళు. అయినా పెదవి విప్పలేదు. గుమ్మంలోంచి వెండెల్ అన్నాడు, "దాన్నేమీ అనకు. చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను."

"ఏం చెప్పొద్దని?"

ఆయన కుర్చీ వీపు తడుముకుని కూర్చున్నాడు. "నా కళ్ళు పోతున్నాయే. చుట్టూ కనిపిస్తుంది. దేన్ని చూడాలనుకుంటే అక్కడ మసి పూసినట్టుంటుంది. బాగవదన్నారు డాక్టర్లు. పూడ్చిన చిల్లు చెవికి తెలుస్తుంది, రాకిన అంచు వేలికి తెలుస్తుంది. తోమిన గీత కంటికి తప్ప ఇంక దేనికీ తెలియదు. అందుకే రంగు చెప్పమని ఈ పిల్లని అడుగుతున్నాను."

పిరోష్కా తండ్రి దగ్గరికి వచ్చింది. "నన్నడగొచ్చుగా నాన్నా."

"ఎమెషె ముందు తెలియనివాడిలా కూర్చోవడానికి నాకు సిగ్గనిపించలేదు. నీకు చూడటం నేర్పినవాణ్ణి నేను. నీ ముందు ఎలా కూర్చోను?"

పిరోష్కా ఆయన ముందు నేల మీద కూలబడింది. "పొద్దున్నే చూశాను నాన్నా. ఆ పల్లెటూరావిడ బల్ల దగ్గరుండగానే చూశాను. ఎమెషె మీద కుళ్ళుతో ఊరుకున్నాను. నలుగురిలో దాని పరువు పోవాలనుకున్నాను. నీ పరువు తీశాను."

ఎమెషె వంగి ఆమె చేయి పట్టుకుంది. ఎమెషె చేయి వెచ్చగా ఉంది. పొద్దుట్నుంచీ ఆ పిల్లనే తిట్టుకుంటున్న పిరోష్కా ఆ చేతిని వదల్లేకపోయింది.

"ఒకటే నలుపు, ఎత్తుల్లోనూ గుంటల్లోనూ," అంది పిరోష్కా, ముక్కు తుడుచుకుంటూ. "అది చూడాలి నువ్వు. రేపు ముగ్గురం కూర్చుందాం. చూపిస్తాను."

"చూపించు వదినా. నాకు భయంగా ఉంటోంది ఒక్కదానికి."

పిరోష్కా తండ్రి వైపు తిరిగింది. "నేను కూడా కనిపించట్లేదా నీకు?"

"ఎదురుగా చూస్తే కనిపించవు," అన్నాడు వెండెల్. ముఖం పక్కకి, గోడవైపుకి తిప్పుకున్నాడు. అలా కూతురి నుంచి మొహం తిప్పేసి కూర్చున్నాడు.

"ఇదిగో, ఇప్పుడు కనిపిస్తున్నావు," అన్నాడు. "ఏడవకే."