లోర్నా చదివిన అంకెలు

"డిస్క్ లోపలికి వెళుతుంది. బయటికి రాదు. అంతే మన ధైర్యం," అన్నాడు డైరెక్టర్ కోట్స్.

కిటికీ అవతల హాలిఫాక్స్ రేవు మీద మంచు కురుస్తోంది. ఏజెంట్ ఎమీల్ థెరియో అద్దం ముందు నిలబడి పెట్టుడు మీసం అతికించుకుంటున్నాడు.

"ఎక్కించేది ఏ ప్రోగ్రాం సార్?"

"ఆఫీసు ఫారాలది. సెలవులు, సామాన్లు, ఆ గోల. నౌకాదళం వాళ్ళ మూసిన గదిలో కంప్యూటర్లకి నెట్ లేదు. మనిషి వెళ్ళి చేత్తో ఎక్కించాలి. మన జలాంతర్గామి సముద్రంలో ఎక్కడ కాపు కాస్తోందో ఆ కంప్యూటర్లకే తెలుసు. వెళ్ళేది మిరేలా. నువ్వు ఆమె హెల్పర్‌వి."

మిరేలా దోస్తాన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజినీరు. శత్రుముఠా పంపిన గూఢచారి కూడా. ఏడాదిగా రహస్యంగా థెరియోకి పనిచేస్తోంది. ఆమె తల్లి స్వదేశంలో ముఠా గుప్పిట్లో ఉంది. ఆ తల్లిని కెనడాకి రప్పిస్తానని థెరియో మాటిచ్చాడు.

"వాళ్ళమ్మ సంగతి?"

"ముందు పని కానీ."

"ఏడాదిగా అదే అంటున్నారు."

"నువ్వూ ఆవిడతో అదే అను."

రేవు పక్కన డోనట్ల దుకాణంలో మిరేలా ఎర్ర కోటులో కూర్చుని ఉంది. ఆమె లోపలికి వచ్చినప్పుడు తిరిగిన తలలు ఇంకా వెనక్కి తిరగలేదు. ఆ గదిలో ఎక్కించమని ముఠా ఇచ్చిన దొంగ డిస్క్ ఇదే అంటూ ఒకటి బల్ల మీదుగా జరిపింది. బదులుగా థెరియో కంపెనీ వాళ్ళ మంచి డిస్క్ ఇచ్చాడు.

"అమ్మ?"

"వచ్చే వారం."

"మీ దేశంలో వారానికి ఎన్ని రోజులు ఎమీల్?"

అతను నవ్వబోయి మానేశాడు. ఆమె తన డోనట్ తుంచి సగం అతని వైపు నెట్టింది. తిన్నాడు.

మూసిన గది కాపలా లోర్నాది. తెల్లజుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. ఫోన్లు, గడియారాలు తీసుకుని చెయ్యి చాపింది.

"పెన్ను కూడా ఇటివ్వు నాయనా."

"పెన్నెందుకండీ?"

"గూఢచారులు పెన్నుల్లో కెమెరాలు పెడతారట."

అతని పెన్నులో ఉన్నది అదే. ఇచ్చేశాడు. ఆమె బదులుగా ఓ ప్లాస్టిక్ పెన్ను చేతిలో పెట్టి, తడిసిన అతని చేతి తొడుగుల్ని అడగకుండానే హీటర్ మీద ఆరేసింది. ఇంత మంచి మనిషిని మీసం అంటించుకుని మోసం చేస్తున్నందుకు అతనికి తలెత్తాలనిపించలేదు.

మిరేలా ప్రోగ్రాం ఎక్కించింది. లోర్నా ఆ డిస్క్‌ని అక్కడే మరలో వేసి ముక్కలు చేసింది. థెరియో ఊపిరి పీల్చుకున్నాడు. ఇక ఈ గది దాటి ఏదీ పోదు.

అప్పుడు తెర మీద పొడవాటి అంకెల వరస, కింద ఓ ఫోన్ నంబరు కనిపించాయి. నెట్ లేని చోట మామూలే. ఆ వరసని కంపెనీకి ఫోన్‌లో చదివితే వాళ్ళు ఇంకో వరస చెబుతారు. అది కొడితే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. గోడ ఫోన్ ముట్టుకునే అధికారం లోర్నాది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదవసాగింది.

"పదిహేడు... సున్నా ఎనిమిది... నలభై మూడు... యాభై ఒకటి... ఆఁ, రాసుకోండి బాబూ... అరవై రెండు..."

థెరియో చెవులు నిక్కబొడుచుకున్నాయి. అతను చేపల పడవ మీద పెరిగినవాడు. నలభై మూడు, అరవై రెండు అని వాళ్ళ నాన్న రోజూ రేడియోలో చెప్పేవాడు. పడవ ఎక్కడుందో చెప్పే అంకెలవి! ఎక్కించిన ప్రోగ్రాం జలాంతర్గామి ఉన్న చోటుని ఆ వరసలో కలిపేసింది. ముసలామె చదివే నంబరు ఎవరు వింటారులే అని, ముఠా వాటిని మార్చను కూడా లేదు.

ఇంకొక్క అంకె వింటే చాలు, ఆ చోటు వాళ్ళకి తెలిసిపోతుంది.

"ఇక ఆఖరుది..."

ఒక్క ఉదుటున వెళ్ళి ఫోన్ కొక్కెం నొక్కేశాడు.

"అయ్యో! ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో పాపం!" అంది లోర్నా.

మిరేలా పారిపోలేదు. కుర్చీలో అలాగే కూర్చుంది.

"నాకిచ్చింది ఉత్త డిస్క్. ఎక్కించింది వాళ్ళది. అంతేనా?" అన్నాడు థెరియో.

"అంతే. నిన్న వాళ్ళు అమ్మతో మాట్లాడించారు. నువ్వు ఒక్కసారైనా మాట్లాడించావా?"

సంకెళ్ళు అతని జేబులోనే ఉన్నాయి. చెయ్యి అటు పోలేదు.

ఫోన్ మోగింది.

"అది కంపెనీ కాదమ్మా, శత్రువు," అన్నాడు థెరియో లోర్నాతో. "అనుమానం వస్తే ఈ అమ్మాయి తల్లిని బతకనివ్వరు."

లోర్నా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అతను ప్లాస్టిక్ పెన్నుతో అరచేతిలో కొత్త అంకెలు రాసి చూపించాడు. చిన్నప్పుడు నాన్న పడవ ఇరుక్కుపోయిన ఇసుక మేట ఉన్న చోటు అది.

"ఏమనుకోకండి బాబూ," అంది లోర్నా ఫోన్‌లో. "కళ్ళజోడు లేకుండా చదివి అన్నీ తప్పులు చెప్పాను. మళ్ళీ మొదట్నించీ చెబుతా."

చెప్పింది. అవతలివాడు మర్యాదగా ఇంకో వరస చెప్పాడు. కొడితే ప్రోగ్రాం తెరుచుకుంది కూడా!

బయటికి రాగానే థెరియో కోట్స్‌కి ఫోన్ చేశాడు.

"అమ్మాయిని పట్టుకున్నావా?"

"వాళ్ళమ్మ విమానం దిగాక చెబుతాను సార్. జలాంతర్గామిని వెతుక్కుంటూ ముఠా పడవ ఎక్కడికి వస్తుందో కూడా అప్పుడే చెబుతాను."

"బెదిరిస్తున్నావా?"

"అవును సార్."

పని అయిందనుకున్న ముఠా తల్లి మీద కాపలా సడలించింది. కోట్స్ ఆ వారంలోనే ఆమెని రప్పించాడు. ఆమె దిగిన మర్నాడే ముఠా పడవ ఇసుకలో కూరుకుపోయి తీరరక్షక దళానికి దొరికింది. వారంలో అయ్యే పనికి ఏడాది పట్టిందన్న మాట థెరియో పైకి అనలేదు. అనకపోతే మాత్రం పోతుందా?

తల్లి దిగిన రోజు విమానాశ్రయంలో, ఆ చిన్నపాటి ముసలామె అతని రెండు చేతులూ పట్టుకుంది.

"మొదట్నించీ నాకోసమే తిరుగుతున్నావటగా నాయనా. అమ్మాయి చెప్పింది."

థెరియో మిరేలా వైపు చూశాడు. ఆమె సామాన్ల బెల్టు వైపు చూస్తూ నిలబడింది.

ముసలామె సంచిలోంచి తను అల్లిన ఉన్ని మేజోళ్ళు తీసి ఇచ్చింది. ఇంటికెళ్ళి తొడుక్కుని చూశాడు. ఏడాదిపాటు ఆమె కోసం కదలని కాళ్ళకి సరిగ్గా సరిపోయాయి. ఒక్కటైనా బిగుతుగా ఉంటే బాగుండేది అనుకున్నాడు.