ఈసారి తలుపు తెరుచుకుంటుందా?

సుమ బాంబూఫ్లాట్ జెట్టీలో పడవ దిగేసరికి వాన మొదలైంది. అవతలి ఒడ్డున మిడిల్ పాయింట్‌లో ఒక బట్టల కొట్లో ఆమెకి పని. ఆరు కూడా కాలేదు, అప్పుడే చీకటి పడిపోయింది. ఈ దీవుల్లో ఎప్పుడూ అంతే.

దారంతా ఒకటే ముచ్చట. పైడిబాబు కిరాణా కొట్టు చూరు కింద ఆడవాళ్ళు పాల ప్యాకెట్లు పట్టుకుని నిలబడి మరీ మాట్లాడుకుంటున్నారు. తమ అమ్మల కాలంలో ఆడిన సినిమాని ఇప్పుడు టీవీ సీరియల్‌గా తీశారు. ఇవాళ ఏడింటికి మొదటి భాగం.

ఆ కథ అక్కడ తెలియనివాళ్ళు లేరు. ఇల్లు విడిచి వెళ్ళిన కూతురు ఒక వాన రాత్రి పడవ దిగి పుట్టింటికి వస్తుంది. తలుపు కొడుతుంది. తల్లి ఇవతల నిలబడి ఏడుస్తుందే గాని, మొగుడికి భయపడి గడియ తియ్యదు. తెల్లారేసరికి కూతురు రేవులో శవమై తేలుతుంది. నెల రోజులుగా టీవీలో ఆ సీరియల్ ప్రకటనే. తడిసిన చెయ్యి ఒకటి తలుపు మీద కొడుతుంది. వెనకనుంచి ఒక గొంతు అడుగుతుంది: ఈసారి తలుపు తెరుచుకుంటుందా?

"ఈసారి పక్కా తీస్తుంది, చూడు దీదీ," అంటోంది ఒకామె.

"తీసేస్తే ఇంక కథేటుంటాది?" అంది ఇంకొకామె.

సుమని చూడగానే ఇద్దరూ నోరు మూసుకున్నారు.

సుమ చెల్లెలు భానుశ్రీకి ఆ సినిమా అంటే పిచ్చి. అరిగిపోయిన సీడీ పెట్టుకుని, తల్లి కామమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, ఎన్నిసార్లు చూసిందో. తలుపు దగ్గరి ఘట్టం వచ్చినప్పుడల్లా అడిగేది: "నేనలా వొస్తే తీస్తావా అమ్మా?"

"తియ్యక? నువ్వెలా వొచ్చినా తీస్తానే," అనేది కామమ్మ.

వానలు మొదలైన వారంలో భానుశ్రీ జ్వరంతో పోయింది.

సుమ ఏడవలేదు. అందరూ ఏడ్చారు, ఆమెకి రాలేదు. మర్నాటినుంచే పడవెక్కి పనికి పోయింది. అన్నం తింటే రుచి తెలియదు. మొన్న పెనం మీద చెయ్యి పడితే కమురు వాసన వచ్చాక గాని కాలుతున్నట్టు తెలియలేదు. లోపలెక్కడో ఎవరో మెయిన్ స్విచ్ ఆపేసినట్టుంది.

ఇంటికి వచ్చేసరికి కామమ్మ టీవీ ముందు చాప పరిచి, తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని కూర్చుంది.

"లైటు ఆర్పీయే. భానుకి చీకట్లో చూడ్డమే ఇష్టం," అంది.

సుమ ట్యూబులైటు ఆర్పి పక్కన కూర్చుంది.

ఏడయింది. పేర్లు పడుతున్నాయి. తెర మీద సముద్రం, ఒక పడవ. అంతలో బయట వాన ఒక్కసారిగా కమ్ముకొచ్చింది. రేకుల కప్పు మీద కంకర కుమ్మరించినట్టు మోత. బొమ్మ వణికింది, ముక్కలైంది, ఆగిపోయింది. నల్లని తెర. కింద మూలన చిన్న అక్షరాలు... సిగ్నల్ లేదు.

"వాన తగ్గితే వస్తుందిలే అమ్మా," అంది సుమ.

కామమ్మ వినలేదు. నల్లటి తెరనే చూస్తోంది.

"దిగింది," అంది మెల్లగా.

"ఎవరు?"

"పిల్ల. పడవ దిగింది. గొడుగు లేదు దానికి."

పాత సినిమా తలుచుకుంటోంది కాబోలు అనుకుంది సుమ. ఆ సినిమా మొదలయ్యేదీ అలాగే.

"తడిసిపోతంది... తల దించుకుని నడుస్తంది... పైడిబాబు కొట్టుకాడ మలుపు తిరిగింది."

సుమ తల తిప్పి తల్లిని చూసింది. సినిమాలో పైడిబాబు కొట్టు లేదు.

"అమ్మా..."

"ఉస్స్. కుక్క అరుస్తాది, చూడు."

వీధి చివర కుక్క అరిచింది. ఒక్క అరుపు. తరవాత ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయింది.

"మెట్లెక్కతంది."

వాన మోతలోంచి ఇంకో చప్పుడు వినిపించింది. తడి చెప్పుల చప్పుడు. చప్... చప్... తొందర లేదు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, మళ్ళీ ఎక్కుతోంది. దాంతోపాటు తలుపు సందులోంచి వాసన. పోటు తీశాక రేవులో లేచే బురద వాసన, అడుగున ఏదో చచ్చి కుళ్ళినట్టు.

భయపడాలని సుమకి తెలుసు. చేతుల మీద వెంట్రుకలు లేచాయి కూడా. కానీ అవి ఇంకెవరి చేతులో అన్నట్టు వాటిని చూస్తూ కూర్చుంది.

చప్పుడు గుమ్మం ముందు ఆగింది.

టక్... టక్...

"అమ్మా," అంది బయటినుంచి గొంతు. "మొదలైపోయిందా?"

భాను గొంతు. అదే గొంతు. చివరి మాట సాగదీసే తీరు కూడా అదే.

కామమ్మ లేవబోయింది. లేవలేక సుమ చెయ్యి పట్టుకుంది.

"తియ్యే సుమా."

"అమ్మా, భాను లేదు," అంది సుమ గుసగుసగా. "మనమే కాటికి పంపించాం."

"నాకు తెల్దేటే? అయినా తియ్యి. ఆ సినిమాలో తల్లిలాగ నన్ను చెయ్యకే."

టక్... టక్...

"అక్కా... చలేస్తోంది."

తరవాత ఎన్నోసార్లు తనని తాను ప్రశ్నించుకుంది సుమ, ఎందుకు లేచానని. తల్లి కోసమా? చెల్లెలి మీద ప్రేమా? అవేవీ కావు. తలుపు తీస్తే తనకి ఏదైనా అనిపిస్తుందేమో అనుకుంది. దుఃఖమో, భయమో... ఏదో ఒకటి.

వెళ్ళి గడియ తీసింది.

ఎవరూ లేరు. మెట్ల మీద వాన. ఎదురింట్లో గుడ్డి దీపం. సుమ అక్కడే నిలబడి గట్టిగా గాలి పీల్చింది. తడి మట్టి వాసన, అంతే. ఆ రేవు వాసన బయట లేదు.

అది ఇంట్లో ఉంది.

గడియ వేసి వెనక్కి వచ్చింది. కామమ్మ చాప మీద ఒక పక్కకి జరిగి, మధ్యలో చోటు ఇచ్చి కూర్చుంది. ముఖంలో ఎన్నాళ్ళకో నవ్వు. సుమ ఈ పక్కన కూర్చుంది. ఎడమ భుజానికి చల్లగా తగిలింది. అటు తిరగలేదు.

వాన తగ్గింది. బొమ్మ వచ్చింది. తెర మీద కూతురు తలుపు కొడుతోంది. తల్లి చెయ్యి గడియ దాకా వెళ్ళింది. అక్కడితో మొదటి భాగం అయిపోయింది. కళ్ళల్లో నీళ్ళొస్తాయేమోనని సుమ చాలాసేపు చూసింది. రాలేదు.

తెల్లారి కామమ్మ ఇంకా పడుకునే ఉంది. వాకిలి ఊడుద్దామని సుమ తలుపు తీసింది. ఎదురింటి అసిరమ్మ బిందెతో నిలబడి ఉంది.

"రాత్రి మీ ఇంటికి చుట్టాలొచ్చారేటే?"

సుమ చీపురు ఆపింది. "చూశావా పిన్నీ? భానులా ఉందా?"

అసిరమ్మ ఆమె వైపు జాలిగా చూసింది. "భాను నా చేతుల్లో పెరిగిన పిల్ల. నాకు తెల్దేటి? ఇది భాను కాదే తల్లీ. ఎవరో ముసిల్ది. పళ్ళు లేవు, జుత్తు లేదు. మీ కిటికీలోంచి అగుపించింది, టీవీ వెలుగులో మీ ఇద్దరి మధ్యా కూకుంది. మీరు టీవీ చూస్తన్నారు. అది మాత్రం నీ మొగం దగ్గర మొగం పెట్టి, కడదాకా నిన్నే చూసింది."

సుమ చెయ్యి ఎడమ భుజం మీదికి వెళ్ళింది.

"ఎవరే ఆవిడ? మీ అమ్మ తరఫా?" అంటూ అసిరమ్మ సుమ భుజం మీదుగా ఇంట్లోకి తొంగి చూసింది. బిందె నడుముకి సర్దుకుంది. మొహమాటంగా నవ్వి, లోపలికి చెయ్యి ఊపింది.

"ఇంకా ఎల్లలేదన్నమాట," అంది.