గుండీల డబ్బాలో అద్దాలు

1964 ఆగస్టులో ఒక శనివారం ఉదయం పది గంటలకు, ముత్తుకూరు బజారులో చోటే సాహెబ్ కళ్ళద్దాలు కనిపించకుండా పోయాయి.

అంతకు ఐదు నిమిషాల ముందు అవి నూర్‌బీ ముక్కు మీద ఉన్నాయి. నూర్‌బీకి తొమ్మిదేళ్ళు. బట్టలు కుట్టే చోటే సాహెబ్ ఆమెకు తాత. ఆయన అద్దాలు కుట్టుమిషన్ మీద పెట్టి టీ తాగడానికి వెళ్ళాడు.

అద్దాల్లోంచి చూస్తే వీధి కరిగిపోయింది. ఉప్పు బస్తాల బండి గాలిలో తేలుతూ వెళ్ళింది. ఎద్దులకు కాళ్ళు లేవు. ఎదురింటి గోడ నీళ్ళలో నీడలా కదిలింది. మెడగంటలు మాత్రం ఎప్పటిలాగే మోగాయి.

తాతకు రోజూ ఇట్లాగే కనిపిస్తుందా అనుకుంది నూర్‌బీ. పక్కింటి పిచ్చమ్మ మాట గుర్తొచ్చింది.

"అద్దాలు కళ్ళను తినేస్తాయమ్మే. నేను పెట్టలా. నా కళ్ళు చూడు, ఎట్టుండాయో."

తాత అద్దాల నంబరు నాలుగేళ్ళలో రెండుసార్లు పెరిగింది. నూర్‌బీ అద్దాలను గుండీల డబ్బా అడుగున పెట్టి మూత వేసింది.

తాత వచ్చాడు. మిషన్ కింద, గుడ్డపేలికల్లో వెతికాడు.

"యాడబెట్టినాను నూరీ?"

"తెలీదు తాతా."

సాయంత్రం ఐదు గంటల బస్సుకు, కొత్త చొక్కా కుట్టమని ఇచ్చిన జయరామయ్య నెల్లూరు వెళ్ళాలి. సోమవారం ఉద్యోగంలో చేరాలి. ఆయన చొక్కాకు గుండీలు పట్టే కాజాలు రెండు మిగిలాయి.

"దారమెక్కించు. చేతి గురుతుతో తీస్తా" అన్నాడు తాత.

నూర్‌బీ సూదికి దారం ఎక్కించింది. తాత కత్తెరతో కాజా కోసి, చుట్టూ కుట్టి, గుండీ పెట్టి చూశాడు. గుండీ జారిపోయింది.

ఆయన చొక్కా మడిచాడు.

"కోత ఎక్కువైంది. ఇది మస్తానయ్య కుట్టుకొట్లో ఇచ్చిరా. కొత్త అద్దాలు వచ్చిందాకా మిషన్ మూసేస్తా."

నూర్‌బీ కదల్లేదు. ఆ మిషన్ మూసి ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే పిచ్చమ్మ చిరిగిన రవిక తీసుకుని వచ్చింది. సంగతి విన్నది.

"ఇంతదానికి మస్తానయ్య ఎందుకు సాయిబూ? సూది ఇటియ్యి."

సూది చేతులు మారేటప్పుడు దారం ఊడిపోయింది. పిచ్చమ్మ దారాన్ని నోట తడిపింది. సూదిని దగ్గరగా పెట్టుకుంది. తర్వాత చెయ్యంతా చాచి దూరంగా పట్టుకుంది. మూడుసార్లు ప్రయత్నించినా దారం పక్కనుంచే పోయింది.

"ఈ సూదికి బెజ్జమే పెట్టలేదు" అంది.

నూర్‌బీ ఆ చాచిన చెయ్యి చూసింది. పిచ్చమ్మ ఏనాడూ అద్దాలు పెట్టలేదు.

డబ్బా తెచ్చి, అద్దాలు తీసి, తాత చేతిలో పెట్టింది.

"నేనే దాచినా తాతా. నీ కళ్ళు పోతాయని."

తాత వాటిని లుంగీ అంచుతో తుడుచుకున్నాడు.

"అద్దాలు రాకముందు నేనూ పేపరు అట్నే చెయ్యి చాచి చదివేవాణ్ణి. చెయ్యి పొడుగు చాలక తెచ్చుకున్నా."

"మరి నంబరు పెరిగిందిగా?"

"నా జుట్టూ తెల్లబడింది. దువ్వెన చేసిందా ఆ పని? వయసు చేసింది."

"అవి పెట్టుకుంటే నాకు ఎద్దుల కాళ్ళే కనపళ్ళా."

"అవి నీ కంటికి చేసినవి కాదు. నాకైనా దగ్గర పనికే."

తాత ఇంకో సూదితో కాజా ఒక కొన మూసి కుట్టాడు. రెండోది కోసి కుట్టాడు. ఈసారి గుండీలు నిలిచాయి. సాయంత్రం నాలుగున్నరకు జయరామయ్య ఆ చొక్కా తొడుక్కుని బస్సు దగ్గరికి వెళ్ళాడు.

ఉదయం కాజాలు పూర్తయ్యేసరికి పిచ్చమ్మ ఇంకా సూది పట్టుకునే ఉంది. నూర్‌బీ తాతను అడిగి అద్దాలు తీసుకుంది. గుడ్డముక్కతో తుడిచి పిచ్చమ్మ ముక్కు మీద పెట్టింది.

"ఒక్కసారి చూడవ్వా."

దారం మొదటిసారే ఎక్కింది.