గవిమెట్ట గాలి కంతలు

ట్యాంకర్ పైపు వంటింట్లోకి వచ్చేసరికి చౌడమ్మ నేలలో ఉన్న గాలి కంత మీద చాప పరిచి, ఆ చాప మీద తాను బైఠాయించింది.

"పెద్దమ్మా, మీరు లేస్తేగానీ పంపు నడవదు," అంది డాక్టర్ సుచరిత. ఆమె భూగర్భ శాస్త్రవేత్త. రాతివిత్తును కనిపెట్టింది ఆమే.

"నడవకపోతే మానె. ఇన్నాళ్లూ నీ పంపుతోనే బతికినామా?"

గవిమెట్ట ఊరంతా సున్నపురాతి మీద ఉంది. చూడ్డానికి గట్టి రాయే గానీ, వాన నీటికి లొంగుతుంది. నీరు దాన్ని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ పోతే లోపల గుహలు ఏర్పడతాయి. వాటి కప్పు ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఒకనాడు నిలవదు. పోయిన వానల్లో మద్దిలేటి కొట్టం బర్రెతో సహా భూమిలోకి దిగిపోయింది. ఆ బోలుకు మందే రాతివిత్తు. కంతల గుండా లోపలికి పంపే తెల్లటి ద్రవం, అందులో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా. కాల్షియం మేతగా పోస్తే అవి గుహలోనే కొత్త రాయిని పెంచుతాయి. ఆ రాయి స్పాంజ్‌లా ఉంటుంది కాబట్టి నీరు ఎప్పటిలాగే కిందికి ఇంకిపోతుంది. నీటి దారి పూర్తిగా మూసేస్తే అది పక్కకు మళ్లి ఇంకొకరి ఇంటి కింద తవ్వుతుంది.

ఇదంతా ఓపిగ్గా వివరించి, "నీళ్లకు దారి ఉంటుంది పెద్దమ్మా. గాలికీ మాటకీ ఉండదు, అంతే," అంది సుచరిత.

చౌడమ్మ బెంగంతా ఆ మాట గురించే.

ఎంత చల్లటి కంతలవి! ఎండాకాలం వస్తే ప్రతి వంటింట్లో నాపరాళ్ల సందు నుంచి చల్లగాలి తన్నుకొచ్చేది. పక్కన పెట్టిన పెరుగు ముంత సాయంత్రం దాకా పులిసేది కాదు. కొన్ని కంతలు లోలోపల కలిసి ఉండేవి. కొత్త కోడలుగా వచ్చిన ఏడు, అత్త తిట్టిందని చౌడమ్మ కంత దగ్గర కూర్చుని ఏడుస్తుంటే, "ఎవరు మే, అట్ల ఏడుస్తాండేది?" అని లోపలి నుంచి ఒక గొంతు అడిగింది. దయ్యమనుకుని హడలిపోయి పెరుగు ముంత తన్నేసింది. ఆ దయ్యం నాలుగు వీధుల అవతల ఉండే మాబున్ని. ఆమె కూడా కొత్త కోడలే పాపం.

అప్పటి నుంచి మొగుళ్ల సంగతి, అత్తల సంగతి, పురిట్లో పోయిన బిడ్డ సంగతి, ఏదీ ఒకరి దగ్గర ఒకరు దాచుకోలేదు. ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. కంతలో మాట్లాడుకున్నది వీధిలోకి తేకూడదు, మాట్లాడుకున్నట్టు కూడా తెలియనీకూడదు. ఏ కడుపు మండిన కోడలు పెట్టిందో గానీ గొప్ప కట్టుబాటు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఇద్దరూ "బాగుండారా?" "బాగుండాము" అనుకుని, ముక్కూమొహం తెలియనివాళ్లలా తప్పుకునేవారు. ఇళ్లకు చేరాక ఆ నటనకు కంత దగ్గర పడీపడీ నవ్వుకునేవారు. అలాంటి నవ్వులు మళ్లీ రావు.

"పూడ్చకపోతే ముందు పోయేది నా ఇల్లేనా?" అడిగింది చౌడమ్మ. పోతే పోనీ అన్నట్టుంది ఆమె ధోరణి.

సుచరిత ట్యాబ్‌లో మ్యాప్ చూపించింది. "మీది కాదు. గుహ కప్పు బాగా పలచబడింది ఇక్కడ. దర్గా వీధిలో ఈ నీలం తలుపుల ఇల్లు."

అది మాబున్ని ఇల్లు.

చౌడమ్మ లేచి చాప చుట్టేసింది. "ఒక్క గడియ బయట నిలబడమ్మా," అంది. ఆ గడియలో కంతలోకి వంగి ఏం చెప్పిందో, కట్టుబాటు ప్రకారం మనకూ తెలియకూడదు.

రాయి పెరిగింది. గోడల పగుళ్లు ఆగాయి. ఊళ్లో మేడలు లేచాయి. సుచరితకు సన్మానం చేస్తే చౌడమ్మ కూడా మనసారా చప్పట్లు కొట్టింది.

ఆ ఎండాకాలం మాత్రం వంటిల్లు ఉడికిపోయింది. దాన్నైనా ఓర్చుకుంది గానీ, మాట్లాడే తోడు లేకపోవడం ఓర్చుకోలేకపోయింది. చివరికి ఒక ఉదయం, నాలుగు వీధులే కదా, నడిచిపోతే ఏం పోతుంది అనుకుని బయల్దేరింది.

మాబున్ని కుర్చీ వేసింది, టీ ఇచ్చింది.

"బాగుండారా?"

"బాగుండాము."

"ఎండలు జాస్తి."

"అవు, జాస్తే."

చౌడమ్మ పెనిమిటికి మతిమరుపు ముదిరింది. ముందురోజు ఆమెనే "ఎవరమ్మా నువ్వు?" అని అడిగాడు. ఆ సంగతి ఆమె చెప్పుకోగలిగింది లోకంలో ఒక్క మనిషికే. ఆ మనిషి ఎదురుగానే ఉంది. కళ్లలోకి చూస్తూ చెప్పడం ఎట్లాగో చౌడమ్మకు తెలియదు, వినడం ఎట్లాగో మాబున్నికి తెలియదు. టీ చల్లారిపోయింది.

మాబున్ని చటుక్కున లేచి, లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు కూడా వినబడింది.

చౌడమ్మ మనసు చివుక్కుమంది. పొమ్మని చెప్పడానికి ఇంతకంటే ఏం చేస్తారు? గడప దాటి చెప్పులు వేసుకుంది.

"మే చౌడీ," అంది తలుపు వెనక నుంచి గొంతు. "యాడికి పోతాండావు? ఇట్లొచ్చి కూర్చో. ఏమైందో చెప్పు."

చౌడమ్మ చెప్పులు విడిచి వెనక్కి వచ్చి, తలుపుకు వీపు ఆనించి కూలబడింది.

"చెప్తా," అంది. "తలుపు మాత్రం తీయొద్దు మే."